మసి పూసిన తాళంచెవి

ఇలా రావే తల్లీ, నా పక్కకి రా. ఆ కుర్చీ వద్దు, అక్కడ కూర్చుంటే నా మాటలు సగం ఫ్యానే తినేస్తుంది. ఈ పీట లాక్కుని, ఈ చిక్కుడుకాయల్లో సగం నీ ఒళ్ళో వేసుకో. ఈనెలు తీస్తూ విను. చేతులు ఖాళీగా ఉన్నవాళ్ళకి నేను కథలు చెప్పను.

పొద్దున నీ గదిలో గోడకి అంటించిన కాగితం చూశాను. కూడబలుక్కుంటే తప్ప నాకు చదవడం రాదు గానీ, గీతలు గీసి గళ్ళు చేశావు, ఒక్కో గడిలో ఏదో రాశావు. ఏమిటని మీ అమ్మని అడిగితే, ఎవరి దగ్గరికీ వెళ్ళకుండా కొత్త భాష నేర్చుకుంటుందట, దానికి వేసుకున్న పథకం అంది. బాగుంది. నేనూ ఒకప్పుడు అలాంటి పథకం ఒకటి వేశాను. గోడకి అంటించుకునే వీలు లేక, అంట్లు తోముతూ తలలోనే వేసుకున్నాను. నువ్వు ముచ్చటపడి వేసుకున్నావు. నేను పగబట్టి వేసుకున్నాను. ఏది గట్టిదో విన్నాక చెప్పు.

మీ తాత తాళాల మేస్త్రి. మా ఇంటి ముందు గదే కొట్టు. చెవి పోగొట్టుకున్నవాళ్ళు, తుప్పు పట్టిన తాళంకప్పలు తెచ్చేవాళ్ళు, కొత్తగా బీరువా కొన్నవాళ్ళు, రోజంతా వస్తూ పోతూ ఉండేవారు. కొట్టు వెనక నడిమి గది, దాని పక్కన సామాన్ల గది, దాని వెనక వంటిల్లు, ఇంట్లోవాళ్ళు వచ్చిపోవడానికి పక్క సందులో వేరే గుమ్మం. కొట్టులో కూర్చునేది ఆయన. నూనె గుడ్డలు ఉతికేది నేను. తుప్పు పట్టిన కప్పలకి కిరసనాయిలు రాసి, ఇటుకపొడితో రుద్ది, అద్దంలా చేసి ఇచ్చేది నేను. "మేస్త్రీ, మీ చేతిలో మహత్యం ఉందయ్యా" అనేవారు వచ్చినవాళ్ళు. మెరుపు నాది, మెప్పు ఆయనది. గోళ్ళలో ఇరుక్కున్న తుప్పు మాత్రం ఎవరూ పంచుకోలేదు.

తాళాల మేస్త్రి ఇల్లు కదా, ఇంట్లో తాళం లేని చోటు లేదు. సామాన్ల గదికి తాళం. గోడ అల్మరాకి తాళం. పుట్టింటి నుంచి నేను తెచ్చుకున్న బట్టల పెట్టెకి తాళం. కొట్టు నుంచి ఇంట్లోకి వచ్చే తలుపుకి తాళం. చెవులన్నీ మా అత్తగారి నడుముకి వేలాడేవి. ఆవిడ నడుస్తుంటే గుర్రబ్బండి వస్తున్నట్టు చప్పుడు.

"అత్తయ్యా, పంచదార కావాలి."

"నిన్న ఇచ్చానుగా. చీమలకి పెళ్ళి చేశావా?"

"అత్తయ్యా, పెట్టెలోంచి నా చీర తీసుకోవాలి."

"చీర ఎక్కడికి పోతుందే, మేమేం నముల్తామా?"

నూనె పోసుకుంటుంటే నా వెనకే నిలబడి, గరిటె అంచు వంక చూసేది. గరిటె నిండితే దగ్గేది. ఆ దగ్గు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మీ తాతతో చెప్పుకున్నాను, ప్రతిదానికీ అడుక్కోవాలంటే చిన్నతనంగా ఉందండీ అని. ఆయన ఆకురాయితో ఏదో చెవి అరగదీస్తున్నాడు. తలెత్తలేదు. "అడిగితే అరిగిపోతావా?" అన్నాడు.

ఒకసారి టీ ఇవ్వడానికి కొట్టులోకి వెళ్ళాను. బల్ల మీద ఒక తాళం విప్పి ఉంది. లోపల పల్చటి ఇత్తడి రేకులు ఒకదాని మీద ఒకటి, దొంతరగా పెట్టిన పుస్తకంలా. ఎంత ముద్దొచ్చాయో. "ఈ రేకులు ఎందుకండీ?" అన్నాను. అంతే. ఎదురుగా కూర్చున్న మనిషి వైపు తిరిగి, "చూశారా, మా ఇంట్లో కొత్త మేస్త్రి పుట్టుకొచ్చింది. నువ్వు తాళం తీసిన రోజున నేను మీసం తీస్తాను, వెళ్ళి పప్పు చూసుకో" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. అదే నాకు ఎక్కువ మంట. నవ్వితే ఆ పూట గడుస్తుందని నవ్వేవాళ్ళం, తల్లీ, మా కాలంలో ఆడవాళ్ళం.

ఇదంతా నేను మింగేశాను. మింగలేనిది ఒకటే.

మీ అమ్మ అప్పటికి ఇంకా పాకుతోంది. ఒకరోజు పొద్దున ఒళ్ళు కాలిపోతోంది దానికి. జ్వరం మందు సీసా అల్మరాలో ఉంది. అత్తగారు చెవుల గుత్తితో సహా కూతురింటికి వెళ్ళింది. మీ తాత ఎవరిదో ఇనప్పెట్టె తెరవడానికి ఊరవతలకి వెళ్ళాడు. అల్మరాకి అద్దం తలుపు, సీసా కనిపిస్తోంది. అందులో మందు ఎక్కడిదాకా ఉందో కూడా కనిపిస్తోంది. అద్దం పగలగొడదామని రోకలి కూడా తెచ్చాను. కానీ ఆ ఇంట్లో ఒక మాట ఉండేది, మేస్త్రి ఇంట్లో తాళం గానీ, తాళం వేసిన తలుపు గానీ పగలడం అంటే మేస్త్రి చచ్చినట్టే అని. పగలగొట్టిన కోడలు ఇక ఆ గడప లోపల ఉండదు. రోకలి పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఇంతలో పిల్లకి ఫిట్స్ వచ్చాయి. కళ్ళు తేలేసింది. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి, తడిగుడ్డలు వేసి, వాళ్ళింట్లో మందు తెచ్చి పోసింది. బతికింది. నీ తల్లి కాబట్టి బతికిందని నీకు తెలుసు. ఆ కాసేపు నాకు తెలియదు.

సాయంత్రం మీ తాత వచ్చాడు. చెప్పాను. పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "బానే ఉందిగా. దీనికింత రాద్ధాంతం ఎందుకు? పొద్దున్నే అమ్మ వెళ్ళేటప్పుడు అడిగి తీసుకుని ఉండాల్సింది" అన్నాడు. జ్వరం వస్తుందని ముందు తెలుసుకుని, ముందు అడిగి ఉండాలన్నమాట.

ఆ రోజు నేను ఏడవలేదు. అంట్లు ముందేసుకుని కూర్చున్నాను. గిన్నె అడుగున మసి తోముతూ అనుకున్నాను: తాళం తీయడం నేర్చుకుంటాను. ఈ మనిషి విద్యే నేర్చుకుని, ఈ మనిషి మొహం మీదే తలుపు వేస్తాను.

ఇప్పుడు నీ కాగితం సంగతికి వద్దాం. నువ్వు గళ్ళు గీశావు చూడు, నాకూ అలాంటి ప్రశ్నలే వచ్చాయి. ఏం నేర్చుకోవాలి? తాళాల విద్య అంతా అంటే సముద్రం. నాకు సముద్రం ఎందుకు, ఆ అల్మరా ఒక్కటి తెరుచుకుంటే చాలు. ముందు అదే పెట్టుకున్నాను. తర్వాత, ఎవరి దగ్గర? మా ఇంట్లో మూలన ఒక బకెట్టు ఉండేది, బాగుపడని తాళాలు, తప్పుగా కోసిన చెవులు, పళ్ళు కోయకుండానే పనికిరావని తీసేసిన చెవులు మీ తాత అందులో వేసేవాడు. అది పాత ఇనుము వాడికి ఇచ్చేసే పని నాది. నా గురువు ఆ బకెట్టే. పిండి డబ్బాలో ఒక చచ్చిన తాళం దాచాను. చెవులు, అరిగిన ఆకురాయి ముక్క ఒకటి, బొగ్గుల బుట్ట అడుగున. ఇక ఎప్పుడు? మధ్యాహ్నం భోజనం చేసి అత్తగారు గురక మొదలుపెట్టాక. ఆవిడ గురకే నా బడిగంట.

ఆ చచ్చిన తాళాన్ని ఎన్నిసార్లు విప్పి బిగించానో. కళ్ళు మూసుకుని విప్పడం వచ్చేదాకా. లోపల ఒక్కో రేకుకి ఒక గాడి ఉంటుంది. చెవి పళ్ళు రేకుల్ని ఎత్తాలి. అన్ని గాళ్ళూ ఒక వరసలోకి వస్తేనే గడియ జరుగుతుంది. ఒక్క రేకు ఎక్కువ లేచినా, తక్కువ లేచినా కదలదు. ఉమ్మడి కుటుంబంలాంటిదే అనుకో, ఒక్కరు అలిగినా బండి ఆగిపోతుంది. ఇది అర్థమైన రోజు పిండి కలుపుతూ నాలో నేనే నవ్వుకుంటుంటే, అత్తగారు "ఏమే, పిచ్చిగానీ పట్టిందా?" అంది. "నిద్ర రాక అత్తయ్యా" అన్నాను.

కానీ మూసి ఉన్న తాళంలో ఏ పన్ను ఎంత కోయాలో ఎలా తెలుస్తుంది? అక్కడ ఆగిపోయాను. చాలా కాలమే ఆగిపోయాను. విప్పి చూడలేనప్పుడు ఎలా?

అది కూడా ఆయన నోటి నుంచే వచ్చింది. మా ఆడపడుచు భర్త భోజనానికి వచ్చాడు. మీ తాతకి బావ అంటే గొప్పలు చెప్పుకునే చెవి. "బావా, ఏ తాళమైనా సరే, పళ్ళు కోయని చెవికి దీపం మసి పట్టించి, లోపల పెట్టి కాస్త గట్టిగా తిప్పుతాను. రేకు ఎక్కడ తగిలితే అక్కడ మసి చెరుగుతుంది. చెరిగిన చోట అరగదీయడం, మళ్ళీ మసి పట్టించడం, మళ్ళీ తిప్పడం. తాళమే తన గుట్టు తాను చెప్పేస్తుంది" అన్నాడు. నేను పక్కనే నిలబడి కూర వడ్డిస్తున్నాను. గోడలకి చెవులుంటాయని భయపడతారు గానీ, వడ్డించేవాళ్ళకి ఉంటాయని ఎవరికీ తోచదు.

మసి. నాకు మసి కరువా? ఏ గిన్నె అడుగు గీకినా చాలు.

మొదటి చెవి పాడైంది. ఎక్కువ అరగదీశాను. తీసిన ఇనుము మళ్ళీ అంటదు. రెండోది తాళంలోనే ఇరుక్కుంది, అప్పుడే అత్తగారు నిద్రలో పక్కకి తిరిగింది. నూనె చుక్క వేసి, ప్రాణం ఉగ్గబట్టి లాగాను. ఎన్ని పాడు చేశానో లెక్క పెట్టలేదు. పాడైనప్పుడల్లా మానేద్దామనిపించేది. అప్పుడు అద్దం వెనక ఉన్న ఆ సీసా వంక చూసేదాన్ని. మళ్ళీ కూర్చునేదాన్ని. నీకు విసుగొచ్చినప్పుడు చూసుకోవడానికి అలాంటిది ఒకటి ఉందా? లేకపోతే వెతుక్కో.

ఒక మధ్యాహ్నం చెవి తిరిగింది. టక్కుమంది. చిన్న చప్పుడే. అల్మరా తెరిచి చిటికెడు పంచదార నోట్లో వేసుకున్నాను. జన్మలో అంత తీపి తినలేదు.

అక్కడితో నా పథకం అయిపోవాలి. కానీ చెయ్యి ఊరుకోలేదు. అదే చెవిని సామాన్ల గదికి పెట్టి చూశాను. తెరుచుకుంది. నా పెట్టెకి పెట్టాను. తెరుచుకుంది. కొట్టు తలుపుకి పెట్టాను. అదీ తెరుచుకుంది. నిలబడిపోయాను. ఊళ్ళో వాళ్ళందరికీ రకరకాల తాళాలు చేసి ఇచ్చే మనిషి, సొంత ఇంట్లో అన్నిటికీ ఒకే కోత పెట్టాడు. గుత్తిలో చెవులు చాలా ఉన్నా, పట్టుకునే తలల ఆకారాలే వేరు, పళ్ళన్నీ ఒకటే. ఎందుకు? దొంగల కోసమైతే బయటి తలుపులకి వేరే తాళాలున్నాయి. ఇంట్లో తాళాలు నా ఒక్కదాని కోసం. నన్ను ఆపడానికి అంతకంటే కష్టపడనక్కర్లేదు అనుకున్నాడు.

నమ్ముతావో లేదో, అన్ని తాళాలు వేసినందుకు వచ్చిన కోపం కంటే, ఆ బద్ధకం చూసి వచ్చిన కోపం పెద్దది.

అప్పుడే రెండో పథకం వేశాను. తెరవడం మాత్రమే నేర్చుకుంటే దొంగనవుతాను. మూయడం కూడా నేర్చుకుంటే ఇంటిదాన్నవుతాను. రేకుల వరస మారిస్తే పాత చెవి పనిచేయదని బకెట్టు తాళాల మీద చేసి చూసుకున్నాను. ఇక సమయం రావాలి.

వచ్చింది. పొరుగూళ్ళో ఎవరిదో పెళ్ళి. ఆయన, అత్తగారు బయల్దేరారు. "ఇంటికి కాపలా ఎవరో ఒకరు ఉండాలిగా" అంది అత్తగారు. ఇంట్లో కుక్క ఉండి ఉంటే నన్ను కూడా తీసుకెళ్ళేవారేమో. నాకూ పిల్లకీ సరిపడా బియ్యం కొలిచి బయట పెట్టి, అన్నిటికీ తాళాలు వేసి, లాగి చూసి మరీ వెళ్ళింది.

బండి మలుపు తిరగ్గానే కొట్టు తెరిచి, ఆయన బల్ల ముందు ఆయన పీట మీద కూర్చున్నాను. మంచి ఆకురాళ్ళు, మంచి వెలుతురు. మీ అమ్మ అప్పటికి తప్పటడుగులు వేస్తోంది. ఒక్కో తలుపు తెరవడం, మరలు తీసి తాళం బల్ల మీదికి తేవడం, రేకుల వరస మార్చడం, దానికి సరిపోయే కొత్త చెవి కోయడం. ఒక తాళంలో స్ప్రింగు ఎగిరి ఎక్కడో పడింది. గదంతా ఊడ్చాను, దొరకలేదు. చూస్తే మీ అమ్మ బుగ్గలో పెట్టుకుని చప్పరిస్తోంది. వేలు పెట్టి తీసి, కడిగి, బిగించాను. ఆ తాళంలో మీ అమ్మ ఎంగిలి కూడా ఉంది.

నేను మాత్రం అన్నిటికీ ఒకే కోత పెట్టలేదు. ఒక్కో దానికి ఒక్కో వరస. కొట్టుకి వీధి వైపు ఉన్న తలుపుకి కూడా. నా పెట్టెకి ఉన్న తాళం ఊడదీసి బకెట్టులో పడేశాను. దానికి తాళం అక్కర్లేదు.

వాళ్ళు ఒక పొద్దున తిరిగొచ్చారు, వెంట మా ఆడపడుచు, ఆమె భర్త. అల్లుడు ఇంటికొస్తే అత్తగారికి కాళ్ళు నేల మీద ఆనవు. "త్వరగా వంట కానీయవే, అల్లుడుగారికి ఆకలి" అంటూ సామాన్ల గది తాళంలో చెవి పెట్టింది. తిరగలేదు.

"ఏమే, తుప్పు పట్టిందా దీనికి?"

"ఏమో అత్తయ్యా."

"ఇలా ఇవ్వమ్మా, నీ చేతిలో బలం తగ్గింది" అని మీ తాత వచ్చాడు. తిప్పాడు. చెవి తీసి ఊదాడు. మళ్ళీ తిప్పాడు. "కాస్త నూనె తే" అన్నాడు నాతో.

"నూనె ఆ గదిలోనే ఉందండీ."

అల్మరా దగ్గరికి వెళ్ళాడు. అదీ రాలేదు. కొట్టు తలుపు, అదీ రాలేదు. వీధిలోకి వెళ్ళి అటు నుంచి ప్రయత్నించాడు. పనిముట్లన్నీ లోపల. కోయని చెవులు లోపల. బయట ఎవరో తన తాళం కోసం వచ్చి నిలబడి ఉన్నాడు. ఎదురు కొట్టులో ఇంకో తాళాల మేస్త్రి ఉండేవాడు, ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఆయన తీరిగ్గా గడప మీద కూర్చుని, "ఏం మేస్త్రీ, సొంత ఇంటికే కన్నం వేస్తున్నావా? ఆకురాయి కావాలంటే నాది ఇస్తాను, మొహమాటపడకు" అన్నాడు.

"అక్కర్లేదు, చెవి మారిపోయింది" అని లోపలికి వచ్చేశాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. వాళ్ళమ్మ జడలోంచి పిన్ను లాక్కుని సామాన్ల గది ముందు గొంతుక్కూర్చున్నాడు. పిన్ను వంగింది. అల్లుడుగారు ఆవలిస్తూ, "మీరు మసి పట్టించి తీస్తారుగా బావా" అన్నాడు. పాపం, మంచి మనిషి, తెలియక అన్నాడు.

"పోనీ పగలగొట్టరా" అంది ఆడపడుచు.

"మేస్త్రి ఇంట్లో తాళం పగలడమా?" అంది అత్తగారు.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. తొందరపడలేదు. చాలా మధ్యాహ్నాలు ఖర్చు పెట్టాను దాని కోసం, కాస్త చూసుకోవద్దూ? ఆయన చొక్కా వీపు మీద చెమట పట్టి, పెద్దదవుతూ ఉంది. అప్పుడు వెళ్ళి, "కొంచెం జరగండి" అన్నాను.

కొంగు ముడి విప్పి, నా చెవి తీసి, తాళంలో పెట్టి తిప్పాను. తెరుచుకుంది. బియ్యం కొలిచాను, నూనె పోసుకున్నాను. గరిటె నిండా పోసుకున్నాను. ఎవరూ దగ్గలేదు. బయటికి వచ్చి మళ్ళీ తాళం వేసి, చెవి కొంగుకి ముడి వేసుకున్నాను.

"ఇకమీదట చెవులు నా దగ్గర ఉంటాయి అత్తయ్యా. ఏం కావాలన్నా అడగండి" అన్నాను.

మీ తాత లేచి నిలబడ్డాడు. తాళం గురించి అడుగుతాడనుకున్నాను. వరస ఎలా మార్చానో అడుగుతాడనుకున్నాను. ఆ మనిషి అడిగింది ఒక్కటే.

"ఎవడు నేర్పాడు నీకు?"

"ఎవరూ నేర్పలేదు. నేనే నేర్చుకున్నాను."

"అబద్ధాలు చెప్పకు. ఏ మగాడు నేర్పాడు?"

"చెప్పానుగా."

"నా ఇంట్లోంచి బయటికి నడు."

"సరేనండి, పిల్లని తీసుకుని వెళ్తాను. నాతో పాటు ఈ చెవులూ వస్తాయి. కొట్టు చెవి కూడా. ఎదురు మేస్త్రి ఆకురాయి ఇస్తానంటున్నాడుగా."

నడవమన్న మనిషి తలుపుకి అడ్డం నిలబడ్డాడు. నేను వెళ్ళి పొయ్యి వెలిగించాను. మీసం సంగతి ఎత్తలేదు. ఆయన మీసం నాకెందుకు, కూరలో వేస్తానా?

మర్నాడు పొద్దున అత్తగారు వచ్చి, నేల చూపులు చూస్తూ, "పంచదార కావాలే" అంది. "నిన్న ఇచ్చానుగా అత్తయ్యా" అన్నాను. తప్పు అంటావా? అను. ఆ మాట ఎంత రుచిగా ఉందో తెలుసుకోవాలని అన్నాను. రుచిగానే ఉంది. అందుకని ఇంకోసారి కూడా అన్నాను. ఆ తర్వాతే ఇచ్చాను.

మీ తాత ఊరుకున్నాడా? కొట్టు చెవి నన్ను అడిగి తీసుకుని, సామాన్ల గదికి కొత్త తాళం చేసి బిగించాడు, ఈసారి కష్టపడి చేశాడు. మర్నాడు భోజనాల వేళకి ముందే దానికి నా దగ్గర చెవి ఉంది. ఇక మళ్ళీ బిగించలేదు. కానీ ఆ ప్రశ్న మాత్రం ఆయన్ని వదల్లేదు. ఎదురు మేస్త్రే నేర్పాడని వాడితో వీధిలో కలబడ్డాడు. వాడు నవ్వి, "నాకంత వస్తే నీ గిరాకీ అంతా నాకే వచ్చేదిగా" అన్నాడు. తన గురువుగారి దగ్గరికి వెళ్ళి అనుమానంగా చూసి వచ్చాడు. పాత ఇనుము వాణ్ణి నిలదీశాడు. అన్నం తింటూ తింటూ ముద్ద ఆపి, "పోనీ ఇప్పుడైనా చెప్పు, వాడెవడో" అనేవాడు. నిజం మొదటిరోజే చెప్పాను. ఒక ఆడది అంట్ల మధ్య కూర్చుని తనంతట తాను నేర్చుకుందని నమ్మడం కంటే, పెళ్ళానికి ఎవడో ఉన్నాడని నమ్మడమే ఆ మనిషికి తేలికైంది. నమ్ముకోనీ అనుకున్నాను. లేని మనిషి కోసం జీవితాంతం వెతికాడు. పండుటాకులా అయిపోయాక, మంచంలో కూడా నా చెయ్యి పట్టుకుని అదే అడిగాడు. నోట్లో మందు పోసి, దుప్పటి కప్పాను. జవాబు చెప్పలేదు.

వేరే శిక్ష వేసి ఉంటే ఎప్పుడో తీరిపోయేది.

చిక్కుడుకాయలు అయిపోయినట్టున్నాయి, ఆ గిన్నె ఇటియ్యి. నీ భాష నువ్వు నేర్చుకో, గళ్ళన్నీ నింపుకో. నా కథ మాత్రం మర్చిపోకు. నీ స్నేహితురాళ్ళకి చెప్పు, రేపు నీకు పిల్లలు పుడితే వాళ్ళకీ చెప్పు. విన్నవాళ్ళలో ఎవడో ఒకడు తప్పకుండా అడుగుతాడు, ఇంతకీ ఆవిడకి ఎవరు నేర్పారని. అప్పుడు వెంటనే చెప్పెయ్యకు. కాసేపు వెతుక్కోనీ.